కీళ్లవాతం ఉన్న పాదాలకు కొలిచి చేసిన ఎంసీఆర్ చెప్పులు: శ్రీకాకుళం దర్జీ సమీక్ష

శ్రీకాకుళం పాత బస్టాండుకు దగ్గరి సందులో కాలి కొలత తీసుకుని ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులు చేసి ఇచ్చే చిన్న దుకాణం ఒకటి ఉంది. నిరుడు దసరాకు ముందు అక్కడ 1,400 రూపాయలకు ఒక జత చేయించుకున్నాను. బజారుకు వెళ్లినా, విశాఖపట్నం బస్సెక్కినా అప్పటి నుంచి అవే నా చెప్పులు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం వల్ల పాదం ముందు భాగం నొప్పిపెట్టేవారికి, కాలివేళ్లు పైకి లేచి వంకర తిరుగుతున్నవారికి ఇవి నిజంగా మేలు చేస్తాయి. కాళ్లనొప్పి అన్న ప్రతివారికీ పనికిరావు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు చాలామంది వీటిని చూసి "ఎక్కడ చేయించావక్కా?" అని అడుగుతున్నారు. కొలతల మధ్యలో ఇదంతా చెప్పడం కుదరదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఏడు రోడ్ల కూడలికి కాస్త అవతల మా కుట్టు దుకాణం. తొక్కుడు మిషను మీద బతికినదాన్ని. మిషను పలక మీద ఎక్కువగా ఆనేది పాదం ముందు భాగం, అంటే వేళ్ల మొదళ్లు. నొప్పి అక్కడే మొదలైంది. పొద్దున్నే మంచం దిగి కాలు ఆనిస్తే గులకరాళ్ల మీద నిలబడినట్లు ఉండేది. స్నానం, వంట అయ్యేదాకా బిగువు వదిలేది కాదు. దుకాణం తెరిచే వేళకు కాస్త తేలికపడేది. రెండు కాళ్లకూ ఒకేలా ఉండేది. పగలంతా తొక్కితే నొప్పి రాదా అని అందరూ అనేవారు. కానీ పనివల్ల వచ్చిన నొప్పి విశ్రాంతి తీసుకుంటే తగ్గాలి. ఇది రాత్రంతా పడుకుని లేచాకే ఎక్కువగా ఉండేది. ఆ తేడాను గమనించడం ముఖ్యమని తర్వాత డాక్టరు గారు చెప్పారు. కీలు అరిగిన నొప్పిలో పొద్దుటి బిగువు సాధారణంగా అరగంటలోపు వదులుతుంది. వాతపు నొప్పిలో గంట పట్టవచ్చు, ఆపైన కూడా ఉండవచ్చు.

మొదట చూపించుకున్న ఒక క్లినిక్‌లో నా చేతివేళ్లు, మణికట్లు, మోకాళ్లు నొక్కి చూశారు. చెప్పులు విప్పమనలేదు. నొప్పి కాళ్లలో అని చెప్పినా బల్ల కిందికి వంగి చూసినవారు లేరు. అలా ఎందుకు జరుగుతుందో ఆ తర్వాత తెలిసింది. కీళ్లవాతం తీవ్రతను లెక్కకట్టడానికి డాక్టర్లు ఎక్కువగా వాడే పద్ధతిలో 28 కీళ్లను పరీక్షిస్తారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కీళ్లు, మోకాళ్లు అందులో ఉంటాయి. చీలమండలు, పాదాలు ఆ 28లో లేవు. తొందరలో ఉన్న డాక్టరు ఆ లెక్క పూర్తి చేసి మందు రాసేస్తే పాదం అలాగే మిగిలిపోతుంది. రుమటాయిడ్ ఉన్న పది మందిలో తొమ్మిది మందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ బాధ పాదానికో చీలమండకో చేరుతుంది. అందుకే నాలాంటి వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. డాక్టరు అడిగినా అడగకపోయినా చెప్పులు విప్పండి, పాదాలు చూపించండి, "ఇక్కడ" అని వేలుపెట్టి చెప్పండి.

విశాఖపట్నంలో కీళ్లవాత నిపుణుడికి చూపించుకోమని మా ఆడపడుచు పట్టుబట్టింది. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకు పైనే. ఆ డాక్టరు గారు ముందు నన్ను వట్టి కాళ్లతో నిలబెట్టి, వెనక్కి వెళ్లి మడమలు చూశారు. రెండు మడమలూ బయటివైపుకు జరిగి, చీలమండలు లోపలికి వాలి, లోపలి వంపు నేలకు దిగిపోతోందని చెప్పారు. తర్వాత పాదాన్ని ముందు భాగంలో రెండు పక్కల నుంచీ పట్టుకుని మెల్లగా నొక్కారు. గట్టిగా కాదు, కరచాలనం చేసినంతే. నా కాలు దానంతట అదే వెనక్కి లాగేసుకుంది. వేళ్ల మొదళ్లలోని కీళ్లు వాచి ఉన్నాయనడానికి అదొక గుర్తట. పాదాల ఎక్స్‌రే కూడా నిలబెట్టే తీయించారు, బరువు పడినప్పుడే ఎముకల అసలు స్థితి తెలుస్తుందని. ఎడమ పాదంలో చిటికెనవేలి మొదట ఎముక అంచు కొంచెం కొరికినట్లుగా ఉన్న చోటు చూపించారు. ఈ జబ్బులో ఎముక దెబ్బతినడం తొలిగా కనబడే చోట్లలో అదొకటని, చేతుల ఎక్స్‌రేలో ఇంకా ఏమీ లేకపోయినా ఒక్కోసారి అక్కడ దొరుకుతుందని చెప్పారు. రక్తానికి ఆర్‌ఎఫ్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు చేయించారు. మొదటి రెండూ ఈ జబ్బు గుర్తులను, తర్వాతి రెండూ ఒంట్లో వాపును చూసేవి. ఆర్‌ఎఫ్ లేదని వచ్చినంత మాత్రాన జబ్బు లేదని అనుకోకూడదని కూడా అన్నారు.

పాదంలో 26 ఎముకలు, 30కి పైగా కీళ్లు ఉన్నాయి. కీలు లోపల పల్చటి పొర ఒకటి ఉండి కీలు జారడానికి కావలసిన ద్రవాన్ని ఇస్తుంది. రుమటాయిడ్‌లో మన శరీరపు రక్షణ వ్యవస్థే ఆ పొర మీద దాడి చేస్తుంది. పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ తినడం మొదలుపెడుతుంది. కట్టి ఉంచే స్నాయువులు వదులవుతాయి. బొటనవేలు పక్కకు వాలుతుంది. మిగతా వేళ్లు మొదట్లో పైకి లేచి, కొసలు కిందికి వంగుతాయి. వేళ్లు అలా లేచినప్పుడు అరికాలి ముందు భాగంలో ఎముకల కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త వేళ్ల వైపు జరిగిపోతుంది. ఇక అడుగు వేసిన ప్రతిసారీ ఎముక తలే నేలకు తగులుతుంది. పైన చర్మం గట్టిపడి ఆనెకాయ కడుతుంది. ఆనెకాయను బ్లేడుతో కోసుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. లోపల ఎముక అలాగే ఉండగా పైపొర కోస్తే మళ్లీ వస్తుంది, మధ్యలో పుండు పడితే అది ఇంకా పెద్ద కష్టం. దయచేసి ఆ పని చేయకండి.

జబ్బును అదుపుచేసేది మందే. నాకు మెథోట్రెక్సేట్ రాశారు, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం. ఒక మాట అందరికీ తెలియాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వారం పేరు రాయించుకోండి, ఇంట్లో క్యాలెండరు మీద గుర్తుపెట్టండి, మందుల దుకాణంలో ఇచ్చేవారు "పూటకొకటి" అంటే ఆగి చీటీ చూపించండి. కాలేయానికి, రక్తకణాలకు సంబంధించిన పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుల్లో చేయించుకోవాలి. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి, గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడరు.

మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. ఈలోగా నడవాలి, నిలబడాలి, పండగ జాకెట్లు కుట్టి ఇవ్వాలి. చెప్పుల విషయం డాక్టరు గారే ఎత్తారు. ముందు భాగం వెడల్పుగా, లోతుగా ఉండాలి. వేళ్ల మధ్య పట్టీ ఉండకూడదు. మడమ పట్టి ఉంచాలి, ఎత్తు మడమ వద్దు. అడుగున మెత్త ఉండాలి, నొప్పి చోటికి కాస్త వెనక ఎత్తు ఉండాలి. చీటీ మీద బొమ్మ గీసి ఇచ్చారు. ఆ చీటీ పట్టుకునే పాత బస్టాండు సందులోకి వెళ్లాను.

దుకాణం చాలా ఇరుకు. రెండు మెట్లు ఎక్కాలి, పట్టుకోవడానికి ఏమీ లేదు. కీళ్ల జబ్బున్నవాళ్లు వచ్చే చోట ఇది లోపమే, దుకాణం ఆయనకు చెప్పాను కూడా. నేను వెళ్లినప్పుడు ఆయనే స్టూలు బయటికి తెచ్చి, "అక్కడే కూర్చోండమ్మా, నేనే వస్తాను" అన్నారు. అరవై దాటిన మనిషి. నేను బాబాయి గారూ అని పిలుస్తాను.

ఆయన ముందు నా పాత చెప్పులు అడిగి తీసుకుని తిరగేశారు. మడమ లోపలి అంచు అరిగిపోయి ఉంది. "లోపలికి వాలి నడుస్తున్నారు" అన్నారు. వెనక నిలబడి డాక్టరు గారు చూసినదీ అదే. తర్వాత గోధుమరంగు కాగితం పరిచి దాని మీద నిలబడమని, పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీశారు. కూర్చోబెట్టి మళ్లీ గీశారు. రెండు గీతల మధ్య తేడా చూసి నాకే ఆశ్చర్యం వేసింది. నిలబడితే పాదం అంత పరుచుకుంటుంది. నా కుడి పాదం ఎడమకన్నా వెడల్పని కూడా అప్పుడే తెలిసింది. ఎన్నో ఏళ్లు ఊరంతటికీ కొలతలు తీశాను. ఒక భుజం దిగి ఉన్నవారికి రెండు వైపులా విడివిడిగా కొలిచి కుడతాను. కానీ నా పాదాలను అలా కొలిచినవారు అంతకుముందు లేరు. చెప్పుల దుకాణంలో "ఏడు నంబరా, ఎనిమిదా" అనే ప్రశ్న తప్ప ఇంకేమీ ఉండదు.

టేపుతో వేళ్ల మొదళ్ల చుట్టూ, పాదం మీది వంపు చుట్టూ, మడమ నుంచి చీలమండ చుట్టూ కొలిచారు. వేళ్లు బిగించవద్దని, మామూలుగా నిలబడమని చెప్పారు. నేను కూడా మనుషులకు అదే చెబుతాను. చివరికి నొప్పి ఉన్న చోట్ల అరికాలి మీద స్కెచ్ పెన్నుతో నన్నే చుక్కలు పెట్టమన్నారు. తడి ఆరేలోపు కాగితం మీద అడుగు వేయించారు. ఆ చుక్కలు కాగితం మీద పడ్డాయి. మెత్తలో ఎత్తు పెట్టే చోటు వాటిని చూసి నిర్ణయిస్తారు. ఎత్తు చుక్కల కింద రాకూడదు, వాటికి వెనక రావాలి. వెనక నుంచి ఎముకలను కాస్త పైకి ఎత్తితే బరువు ముందు తలల మీద తగ్గి పాదమంతటికీ పంచుకుంటుంది. సరిగ్గా నొప్పి కింద పెడితే నొప్పి పెరుగుతుంది. బజారులో తయారుగా దొరికే కొన్ని మెత్తల్లో ఆ ఎత్తు అందరికీ ఒకేచోట ఉంటుంది. నా వేళ్లకు అవి తగినచోటికి రాలేదు.

సాయంత్రం నాలుగు దాటాకే కొలత తీస్తారు. పాదం పొద్దుటికన్నా సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది కాబట్టి, పొద్దున కొలిచి చేస్తే సాయంత్రం బిగుతవుతుందన్నారు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది.

ఇక చెప్పు సంగతి. అడుగున గట్టి నల్ల రబ్బరు, దాని మీద వేలెడు మందం ఎంసీఆర్. లోపల సన్నసన్నని గాలి గదులు ఉంటాయి. బొటనవేలితో నొక్కితే దిగి, వదిలితే మళ్లీ లేస్తుంది. పైన మెత్తటి తోలు. వేళ్ల మీద వెడల్పాటి పట్టీ, పాదం వంపు మీద ఇంకొకటి, మడమ వెనక ఒకటి. మూడింటికీ వెల్క్రో. బకిలు పెడితే నా వేళ్లు పొద్దుటిపూట దాన్ని తిప్పలేవు. వెల్క్రో కొసల్లో వేలు దూరేంత చిన్న ఉచ్చు కుట్టమని అడిగాను, కుట్టి ఇచ్చారు. ఇప్పుడు ఒక్క వేలితో లాగి తీయగలను. ఆ ఉచ్చు అందరూ అడిగి కుట్టించుకోవాలి, దానికి అదనంగా డబ్బు తీసుకోలేదు.

కుట్టు విషయంలో నేను అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషిని కాను. పట్టీల లోపలివైపు వేలు పెట్టి అంతా తడిమి చూశాను. వేళ్ల కణుపులు తగిలేచోట ఒక్క కుట్టు గానీ, మడత గానీ లేదు. కుట్లన్నీ బయటికే. నైలాను దారం, కుట్టు పొడవు అంతటా సమానం. వెల్క్రో కొసలను నలుపలకలుగా కుట్టి మధ్యలో అడ్డంగా వేశారు, ఎంత లాగినా ఊడదు. మడమ పట్టీ కొస మాత్రం ఒంటి వరసే వేశారు. సంక్రాంతి తర్వాత అది ఊడింది. తీసుకెళ్తే రెండు వరసలు వేసి ఇచ్చారు, ఏమీ తీసుకోలేదు. రంగులు నలుపు, ముదురు గోధుమ మాత్రమే. కొంచెం బరువు. పట్టుచీర కింద అందంగా కనిపించవు. పెళ్లిళ్లకు కూడా నేను ఇవే వేసుకుని వెళ్తున్నాను.

ఈ ఎంసీఆర్ చెప్పును చూసి ముఖం తిప్పుకునేవాళ్లు ఉన్నారు, దాని గురించి చెప్పాలి. ఈ రకం మెత్త మన దేశంలో మొదట కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా వాడారు. తమిళనాడులోని వెల్లూరులో కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయనతో పనిచేసినవారు అలాంటి పాదాలను కాపాడే చెప్పుల కోసం ఎంతో కృషి చేశారు. సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి వల్ల మా ప్రాంతంలో పెద్దవాళ్లకు కుష్ఠు వైద్యం గురించి బాగా తెలుసు, ఈ చెప్పులనూ గుర్తుపడతారు. "ఆ చెప్పులు నీకెందుకమ్మా" అని ఒకావిడ నా దుకాణంలోనే అంది. వేల పాదాలను పుండ్లు పడకుండా కాపాడిన చెప్పు ఇది. నా పాదాన్నీ కాపాడుతోంది. ఎవరేమనుకుంటారోనని మానేసేవారు ఉంటే మానవద్దని బతిమాలుతున్నాను.

వాడకంలో తేడా మెల్లగా తెలిసింది. మొదటి రోజుల్లో ఎత్తు కొత్తగా అనిపించి అరికాలు అలసింది. రోజుకు కొంచెంసేపు వేసుకుని పెంచుకోమని బాబాయి గారు ముందే చెప్పారు. తర్వాత ఏడు రోడ్ల కూడలి నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు వైపు ఆటో లేకుండా నడవగలిగాను. గులకరాళ్ల బాధ నడకలో బాగా తగ్గింది. పొద్దుటి బిగువు మాత్రం చెప్పుల వల్ల తగ్గలేదు, మందు వల్లే తగ్గింది. ఆ రెండింటినీ కలిపి ఒక్కటిగా చూడవద్దు. మిషనుకు మోటారు పెట్టించాను. తొక్కుడు పని తప్పడం కూడా పాదానికి మేలు చేసిందని ఒప్పుకుంటాను.

వానాకాలం దీనికి పరీక్ష. వీధిలో నీళ్లు నిలిచిన రోజు తడిసిన మెత్త ఆరడానికి చాలా సమయం పడుతుంది. ఎండలో పెడితే జిగురు వదులుతుందని నీడలో, ఫ్యాను కింద ఆరబెడుతున్నాను. తడి చెప్పుతోనే తిరిగితే వేళ్ల మధ్య చర్మం నానుతుంది, పాసిపోతుంది. మెథోట్రెక్సేట్ లాంటి మందులు వాడేవారికి ఇన్‌ఫెక్షను త్వరగా ముదరవచ్చు కాబట్టి వేళ్ల సందులు రోజూ తుడుచుకుని చూసుకోవాలి.

ఇంట్లో నునుపు రాళ్ల నేల మీద వట్టి కాళ్లతో తిరగడం ఈ పాదాలకు పడదు. మడమ పట్టీ లేని రెండో జత 900 రూపాయలకు ఇంటికని చేయించాను. "ఇంట్లో చెప్పులా?" అని మా అత్తయ్య మొదట బాధపడ్డారు. అవి గడప దాటి బయటికి వెళ్లవని, దేవుడి గది బయటే విడుస్తానని చెప్పాక ఊరుకున్నారు. ఇప్పుడు ఆవిడే వాటిని తుడిచి పెడుతున్నారు. అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్లినప్పుడు ఎండెక్కాక రాళ్లు కాలతాయి. తెల్లవారుజామునే వెళ్లి, మందపాటి మేజోళ్లు వేసుకుంటున్నాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల్లో రద్దీ ఎక్కువ. వేళ్ల మీద ఎవరైనా తొక్కితే తట్టుకోలేం కనుక ఆ రోజుల్లో నేను వెళ్లను.

ఇప్పుడు ఎవరికి పనికిరావో చెబుతాను. ఇది దుకాణం ఆయన్ను మెచ్చుకోవలసిన చోటు కూడా. రిటైరైన పంతులమ్మ గారు ఒకరు నా మాట విని వెళ్లారు. ఆవిడకు బొటనవేలి మొదటి కీలు అరిగి, వేలు పైకి వంగదు. బాబాయి గారు వేలును పట్టుకుని మెల్లగా ఎత్తి చూసి, "మీకు మెత్తటిది వద్దమ్మా, వంగే చెప్పు వేసుకుంటే ఇంకా నొప్పి" అని, గట్టి అడుగు ఉండి ముందు భాగం కొంచెం పైకి తేలిన బూటు చూసుకోమన్నారు. కీలు వంగనప్పుడు అడుగే దొర్లి పాదాన్ని ముందుకు తీసుకెళ్లాలి. అమ్ముడుపోయే జతను వదులుకుని మరీ చెప్పారు.

షుగరు ఉండి అరికాలికి స్పర్శ తగ్గినవారికి ఆసుపత్రి చీటీ లేకుండా ఆయన చేయరు. నొప్పి తెలియని పాదంలో పట్టీ ఒరుసుకున్నా, ఎత్తు గుచ్చుకున్నా మనిషికి తెలియదు. పుండు పడ్డాకే చూస్తారు. ఆ జాగ్రత్త సరైనది.

మా పక్క దుకాణం అన్నయ్యకు అర్ధరాత్రి బొటనవేలి మొదలు ఎర్రగా, నిగనిగలాడుతూ వాచింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాడు. పొద్దున్నే నా చెప్పులు అడిగాడు. అది చెప్పుల పని కాదు, గౌట్ కావచ్చు, ఇవాళే చూపించుకో అని పంపాను. యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా మారి కీలులో చేరితే అలా వస్తుంది. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ ఆమ్లం మామూలుగానే కనిపించవచ్చు, అందుకని ఒక్క పరీక్ష చూసి లేదనుకోకూడదు. అతనికి అదేనని తేలింది.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది నొప్పి మాత్రలు. కవిటి వైపు నుంచి వచ్చే ఒకావిడ సంచిలో ఎప్పుడూ ఒక అట్ట ఉంటుంది. కాళ్లు లాగినప్పుడల్లా ఒకటి వేసుకుంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం ప్రాంతమంతా కిడ్నీ జబ్బులతో ఎంత నలిగిందో ఈ జిల్లాలో తెలియని ఇల్లు లేదు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పెట్టవలసి వచ్చింది. అక్కడ ఆ జబ్బు అంతగా ఎందుకు వస్తోందో శాస్త్రజ్ఞులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. కానీ డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయన్నది ఎప్పుడో తేలిన విషయం. ఉద్దానంలో ఉండి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా, డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాటిని మింగడం చూస్తే నాకు కన్నీళ్లొస్తాయి. ఆవిడను పలాస పంపించేదాకా ఊరుకోలేదు. ఊళ్లలో పొట్లాలు కట్టి ఇచ్చే పేరులేని పొడుల్లోనూ స్టెరాయిడ్లు కలిపి ఉండే ప్రమాదముంది. రెండు రోజుల్లో మాయమైన కీళ్లనొప్పి చూసి మురిసిపోవద్దు. వేసుకున్నది ఏమిటో ముందు కనుక్కోండి.

పొగ సంగతి కూడా చెప్పాలి. మా తీరప్రాంతపు ఊళ్లలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగే పెద్దమ్మలు ఇప్పటికీ ఉన్నారు. నోటి క్యాన్సరు భయం వాళ్లకు కొంత తెలుసు. పొగతాగడం వల్ల రుమటాయిడ్ వచ్చే అవకాశం పెరుగుతుందని, వచ్చాక మందులు సరిగా పనిచేయకపోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పరు.

కాబట్టి చెప్పుల దుకాణానికి వెళ్లేముందు ఈ కింది సంగతులు మీ పాదంలో ఉన్నాయేమో చూసుకోండి. జ్వరంతోపాటు ఏదైనా ఒక్క కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టి ఉండవచ్చు, ఆలస్యమైతే కీలు పాడవవచ్చు. కాలు నేలమీద పెట్టలేకపోయినా, పాదం రంగు మారినా, షుగరు ఉన్నవారికి చిన్న పుండు పడినా ఆగవద్దు. కీళ్లవాతానికి మందులు వాడుతుండగా పాదంలో పుండు గానీ, చీము గానీ, జ్వరం గానీ కనిపిస్తే తర్వాతి మోతాదు వేసుకునేముందే డాక్టరుకు ఫోను చేయాలి. అత్యవసరం కాకపోయినా, పొద్దుటి బిగువు అరగంట దాటి రోజూ ఉంటే, రెండు పాదాల వేళ్ల మొదళ్లలో వాపు ఉంటే, నొప్పి రెండు వారాలైనా తగ్గకపోతే, వేళ్ల ఆకారం మారుతుంటే, అరికాలి వంపు దిగిపోతుంటే కీళ్ల డాక్టరుకు చూపించుకోవాలి. ఒక వేలు మొత్తం ఉబ్బి, గోళ్ల మీద సన్నని గుంటలు, చర్మం మీద పొలుసులు ఉంటే సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతం కావచ్చు. అందులో మడమ నొప్పి కూడా ఎక్కువే. రుమటాయిడ్‌ను తొలి నెలల్లోనే మందుతో పట్టుకుంటే ఎముక దెబ్బతినకుండా ఆపవచ్చు. ఒకసారి వంకర తిరిగిన వేలిని మందు తిన్నగా చేయలేదు. అప్పుడు చెప్పులో, శస్త్రచికిత్సో చూసుకోవలసిందే.

దుకాణం వివరాలు ఇవీ. ఆదివారం మధ్యాహ్నం వరకే తీస్తారు. కొలతకు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి. పాత చెప్పులు, డాక్టరు చీటీ, ఉంటే పాదాల ఎక్స్‌రే తీసుకెళ్లండి. అడ్వాన్సు 500 రూపాయలు. వారం అన్నారు కానీ పండగ ముందు నాకు అంతకన్నా ఎక్కువే పట్టింది, పెళ్లిళ్ల కాలంలో ఇంకా ఆలస్యం కావచ్చు. ఇచ్చే రోజు అక్కడే వేసుకుని సందు చివరిదాకా నడిచి చూడమంటారు. ఎక్కడ ఒరుసుకున్నా అప్పుడే సరిచేస్తారు. ఎంసీఆర్ మెత్త వాడకంలో అణగిపోతుంది. నాది ఎడమ కాలి కింద అప్పుడే పల్చబడింది, నొక్కితే లేవడం లేదు. పై మెత్త మాత్రం మార్చడానికి 250 రూపాయలు చెప్పారు. వచ్చే వారం ఇచ్చి వస్తాను.